‘గుజ్జు ఇంజెక్షన్’ వేయిస్తే అమ్మ మోకాళ్లలో గుజ్జు మళ్లీ వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మకు 63 ఏళ్లు, బరువు 74 కిలోలు. పదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. రెండేళ్ల నుంచి రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఎముకల డాక్టరుకు చూపిస్తే ఎక్స్‌రే చూసి, ‘గుజ్జు అరిగింది, మూడో గ్రేడు. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, జెల్ ఇంజెక్షన్ వేయించుకోవచ్చు’ అన్నారు. ఒక్కో మోకాలికి 18 వేలు అవుతుందట. పక్కింటావిడ వేయించుకుని హాయిగా తిరుగుతున్నానంటోంది. అమెరికాలో ఉన్న తమ్ముడు ‘ఇక్కడ డాక్టర్లు వద్దంటున్నారు’ అంటున్నాడు. మా పిన్నికి ఇంకేదో ఇంజెక్షన్ తక్కువ ఖర్చులో వేశారట, వారంలో నొప్పి తగ్గిందట. అమ్మేమో ‘నా మీద ఇంత ఖర్చు ఎందుకే’ అంటోంది. దసరాకు దుర్గమ్మ కొండకు తన కాళ్ల మీద తను వెళ్లాలని ఆమె కోరిక. డబ్బు సర్దుకోగలం. వేయించకపోతే కూతురిగా తప్పు చేస్తున్నానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు మీ టెన్షన్ సంగతి. ఈ ఇంజెక్షన్ వేయించకపోతే మీ అమ్మగారి కీలు ఇంకా త్వరగా అరిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది అరుగుదలను ఆపదు, కాబట్టి ఆగడం వల్ల పోయేదీ ఏమీ లేదు. నన్నడిగితే ఇప్పుడే 36 వేలు పెట్టి రెండు మోకాళ్లకూ వేయించవద్దు. మూడు నెలలు ఆగండి. ఆ మూడు నెలల్లో చేయవలసిన పని చాలా ఉంది, అది కింద చెబుతాను. ఆ తర్వాత కూడా అవసరమనిపిస్తే, నొప్పి ఎక్కువున్న కుడి మోకాలికి మాత్రమే వేయించి చూడండి.

ఈ విషయంలో మనల్ని తికమక పెట్టేది ‘గుజ్జు’ అనే మాటే. చింతపండు గుజ్జు, మామిడిపండు గుజ్జు అంటాం కదా, మెత్తగా, జారుగా ఉంటుంది. మోకాలిలోనూ అలాంటిదే ఏదో ఉందనీ, అది అరిగితే మళ్లీ నింపవచ్చనీ మనసులో పడిపోయింది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది అదే: ‘గుజ్జు ఎక్కించండి సార్.’

నిజానికి మోకాలిలో రెండు వేర్వేరు వస్తువులున్నాయి, రెండింటికీ మనం ఒకే పేరు పెట్టేశాం. మొదటిది మృదులాస్థి. కోడి కాలి ఎముక చివర తెల్లగా, నున్నగా మెరిసే పొర చూసే ఉంటారు. అదే. గట్టిగా ఉంటుంది, ఎముకకు అంటుకుని ఉంటుంది, నెత్తురు అందదు కాబట్టి ఒకసారి అరిగితే మునుపటిలా పెరగదు. ఎక్స్‌రేలో ‘గ్రేడు’ చెప్పేది దీని గురించే. అది కూడా నేరుగా కనిపించదు, రెండు ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో, అంచుల్లో ఎముక ఎంత పెరిగిందో చూసి సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడు వేస్తాం. రెండోది కీలులో ఉండే జిగురు ద్రవం, కోడిగుడ్డు తెల్లసొనలా ఉంటుంది. మామూలు మోకాలిలో అది ఒక టీ చెంచా నిండేంత కూడా ఉండదు. ఆ జిగురునిచ్చే పదార్థం పేరే హైలురోనిక్ యాసిడ్. కీలు అరిగినవారిలో ఆ పదార్థం తగ్గుతుంది, ద్రవం పలచబడుతుంది. ఇంజెక్షన్‌లో ఉండేది ఈ రెండో వస్తువు. అరిగింది మొదటిది. అందుకే ‘గుజ్జు నింపడం’ అన్న మాట వింటే నాకు బాధగా ఉంటుంది. ఆ మాట విని డబ్బు కట్టే మనిషి ఇంకేదో కొనుక్కుంటున్నానని అనుకుంటారు.

ఈ పదార్థం చెడ్డదని కాదు. 1934లో కొలంబియా యూనివర్సిటీలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఆవు కంటిలోని జెల్లీ నుంచి దీన్ని విడదీశారు. గ్రీకులో గాజును హయలోస్ అంటారు, ఆ పేరులో సగం అక్కడి నుంచే. మీ అమ్మగారికి శుక్లాల ఆపరేషన్ అయి ఉంటే అక్కడా దీన్నే వాడి ఉండవచ్చు. ముఖానికి రాసుకునే సీరమ్‌లలోనూ ఇదే. మనుషులకంటే ముందు పందెపు గుర్రాల కీళ్లకు వాడారు. 1997లో అమెరికాలో మనుషుల మోకాలికి అనుమతి వచ్చింది, అదీ మందుగా కాదు, వైద్య పరికరం కింద. కొన్ని రకాలను కోడిపుంజు తురాయి నుంచి తీస్తారు, కొన్నింటిని బ్యాక్టీరియాతో తయారు చేస్తారు. కాబట్టి ఎప్పుడు వేయించుకున్నా, కోడిమాంసం, గుడ్డు పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

కీలులోకి ఎక్కించిన ఈ జెల్ చాలావరకు కొద్ది రోజుల్లోనే శరీరంలో కలిసిపోతుంది. అయినా మేలు ఉన్నవారికి అది మెల్లగా మొదలై, రెండు నెలల దగ్గర బాగా తెలిసి, ఆరు నెలలకు సన్నగిల్లుతుంది. బండి చెయిన్‌కు ఆయిల్ వేసినట్టు అన్న పోలిక ఇక్కడ కుదరదు. కీలు లోపలి వాపును కాస్త చల్లబరుస్తుందనీ, సొంత ద్రవం మెరుగ్గా తయారయ్యేలా లోపలి పొరను కదిలిస్తుందనీ చెబుతారు. అంతకుమించి కొత్త మృదులాస్థి మాత్రం రాదు.

ఇక ఆ మేలు ఎంత అన్నది. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఈ ఇంజెక్షన్‌ను రోగులకు ఇచ్చి చూసిన 169 పరీక్షలు, 21 వేల మందికి పైగా రోగులు. అందులో పెద్దవి, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చి చూసినవి 24 తీసుకున్నారు, దాదాపు 9 వేల మంది. నొప్పిని సున్నా నుంచి వంద దాకా కొలిచే గీత మీద, జెల్ వేసుకున్నవారికీ ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవారికీ తేడా రెండు. వందకు రెండు! మనిషికి ‘అమ్మయ్య, తగ్గింది’ అనిపించాలంటే అది చాలదు. తీవ్రమైన ఇబ్బందులు కూడా జెల్ వేసుకున్న వైపే ఎక్కువగా కనిపించాయి.

అలాగైతే మీ పక్కింటావిడ అబద్ధం చెబుతున్నారా? లేదు. ఆవిడకు నిజంగానే తగ్గింది. కీళ్ల అరుగుదల నొప్పి అలల్లా వస్తుంది, పోతుంది. భరించలేనంతగా ఉన్నప్పుడే డాక్టర్ దగ్గరకు వెళతాం, అప్పుడే ఇంజెక్షన్ వేస్తారు. ఆ పై నెలల్లో నొప్పి ఎలాగూ కొంత దిగుతుంది. దానికి తోడు ఉత్తుత్తిగా ఉప్పునీటి ఇంజెక్షన్ వేసినా చాలామందికి నొప్పి గణనీయంగా తగ్గినట్టు ఆ పరీక్షల్లోనే తేలింది. సూది కీలులోకి వెళ్లడం, ఆ నమ్మకం, ఆ తర్వాత నాలుగు రోజుల విశ్రాంతి, అన్నీ కలిసి పనిచేస్తాయి. నేనూ కొన్నేళ్లు ఈ ఇంజెక్షన్లు చాలామందికి ఇచ్చాను, నమ్మే ఇచ్చాను. తగ్గిందని దండం పెట్టినవారూ ఉన్నారు. ఆర్నెల్లకు తిరిగి వచ్చి, గాజులు తాకట్టు పెట్టి మళ్లీ వేయించుకుంటానన్న ఒక పెద్దావిడను చూశాక నా చెయ్యి ఆగింది.

మీ తమ్ముడు చెప్పిందీ నిజమే. అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం 2021లో దీన్ని మామూలుగా అందరికీ వాడవద్దంది. అక్కడి కీళ్లవాత నిపుణుల సంఘం 2019లో వద్దనే వైపు మొగ్గింది. ఇంగ్లండ్‌లో 2022 మార్గదర్శకాలు ‘ఇవ్వవద్దు’ అనే చెప్పాయి. మరోవైపు అంతర్జాతీయ ఆస్టియో ఆర్థరైటిస్ (కీళ్ల అరుగుదల) పరిశోధన సంఘం 2019లో కొందరికి, షరతులతో ఇవ్వవచ్చంది. కాబట్టి మీకు రాసిన డాక్టరు తప్పు చేశారని అనుకోకండి. ఆపరేషన్ అప్పుడే వద్దని ఆయన సరిగానే చెప్పారు.

పిన్నిగారికి వేసింది బహుశా స్టెరాయిడ్. అది త్వరగా పనిచేస్తుంది, కొన్ని వారాలే ఉంటుంది. మోకాలు వాచి, అడుగు వేయలేనప్పుడు ఒకసారికి నేనూ వేస్తాను. కానీ మీ అమ్మగారికి షుగర్ ఉంది. ఆ సూది పడ్డాక కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా షుగర్ బాగా పెరుగుతుంది. ఎప్పుడైనా వేయించవలసి వస్తే ముందే షుగర్ డాక్టరుకు చెప్పి, ఇంట్లో మిషన్‌తో రోజూ చూసుకోవాలి. పదే పదే వద్దు. మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. నొప్పిలో తేడా లేదు, మృదులాస్థి మాత్రం ఎక్కువ పలచబడింది.

ఇప్పుడు ఆ మూడు నెలల పని.

మోకాలిని మోసేది ఎముక ఒక్కటే కాదు, తొడ ముందువైపు కండరం. నొప్పి వల్ల నడక తగ్గుతుంది, నడక తగ్గితే ఆ కండరం చిక్కిపోతుంది, అది చిక్కితే కీలు మీద భారం పెరిగి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. ఈ చుట్టును తెంచడానికి సూది కంటే వ్యాయామమే గట్టిది. 2020లో అమెరికాలో 156 మందితో చేసిన పరీక్షలో, ఏడాది తిరిగేసరికి ఫిజియోథెరపీ చేసినవాళ్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. కొత్తపేటలోనో మీ ఇంటి దగ్గరలోనో మంచి ఫిజియోథెరపిస్టును చూసుకుని, వారానికి ఒకటి రెండుసార్లు ఆరు వారాలు తీసుకెళ్లండి. కరెంటు పెట్టి, వేడి పెట్టి పంపించేవారి దగ్గరకు కాదు, ఎదురుగా నిలబడి వ్యాయామం చేయించేవారి దగ్గరకు.

ఇంట్లో రోజూ ఇవి చేయించండి. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టండి. దాన్ని మోకాలితో కిందికి అదిమి, అయిదు లెక్కపెట్టి వదలాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. ఊపిరి బిగపట్టకూడదు. వారం పోయాక, కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు నిటారుగా చాచి అయిదు లెక్కపెట్టే దాకా నిలపడం. అది అలవాటయ్యాక, గోడకు ఆనించిన ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోవడం. అయిదుసార్లతో మొదలుపెట్టి పెంచండి. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది, భయపడకండి. మర్నాటికి తగ్గిపోతే సరే, మర్నాడు వాపు కనిపిస్తే లెక్క సగానికి తగ్గించండి.

బరువు విషయం మీ అమ్మగారికి నొచ్చుకోకుండా చెప్పండి. ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనంలో కొలిచి చూపించారు. అయిదు కిలోలంటే అడుగుకు ఇరవై కిలోలు. రాత్రి అన్నం తగ్గించి, కూర, పప్పు పెంచితే అది మూడు నాలుగు నెలల్లో సాధ్యమే. కానీ షుగర్ మాత్రలు వేసుకుంటూ ఒక్కసారిగా అన్నం మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరగవచ్చు. షుగర్ డాక్టరుకు చెప్పి చేయండి.

నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ పైన రాయండి. (ఇదీ జెల్, అదీ జెల్. మందుల షాపులో దొరికే పైపూత గురించి చెబుతున్నాను.) మోకాలు చర్మానికి దగ్గర కాబట్టి పూత బాగానే అందుతుంది, నెత్తురులోకి వెళ్లేది తక్కువ. గుర్తొచ్చినప్పుడు కాకుండా, ట్యూబు మీద రాసినట్టు రోజూ రెండు మూడు వారాలు రాస్తేనే సంగతి తెలుస్తుంది. నొప్పి మాత్రలు మాత్రం షాపులో అడిగి తెచ్చి రోజూ మింగించకండి. పదేళ్ల షుగర్ ఉన్నవారి కిడ్నీలకు అవి మంచివి కావు. కీళ్లకు మంచివని అమ్మే గ్లూకోజమిన్ మాత్రలకు డబ్బు పోయవద్దు.

కింద కూర్చోవడం తగ్గించాలి. మన వంటిళ్లలో సగం పని నేల మీదే. కత్తిపీట, పచ్చళ్లు పట్టడం, పూజ, ముగ్గు అన్నీ నేల మీదే. మిర్చి సీజన్‌లో ముచ్చికలు తీస్తూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చునే ఆడవాళ్లను మా దగ్గర చాలామందిని చూస్తుంటాం. నలభై దాటగానే మోకాళ్లు పట్టుకుని వస్తారు, 18 వేల ఇంజెక్షన్ వాళ్లకు ఎవరు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆ ముచ్చికల గుట్ట పక్కన ఒక ఎత్తు పీట వేసినా ఎంతో మేలు. మీ ఇంట్లో పూజకు కుర్చీ, కూరగాయలకు బల్ల, బాత్‌రూమ్‌లో కమోడ్, పక్కన పట్టుకోవడానికి ఒక రాడ్ పెట్టించండి. ఈ ఖర్చుకు అమ్మగారిని ఒప్పించనక్కర్లేదు, పెట్టించేయండి. చేతికర్ర కుడి మోకాలి నొప్పికి ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు.

ఇంకొకటి అడగండి. ‘నొప్పి ఎక్కడమ్మా, ఒక్క వేలితో చూపించు’ అనండి. మోకాలికి లోపలివైపు, రెండు మూడు వేళ్లు కిందుగా ఒకేచోట నొక్కితే నొప్పి అంటే, అది కీలు బయటి నొప్పి కావచ్చు. గజ్జ దగ్గర మొదలై మోకాలికి దిగుతుంటే తుంటి కీలు చూడాలి. ఇలాంటివాటికి మోకాలిలో ఏ జెల్ వేసినా ఫలితం ఉండదు. మళ్లీ వెళ్లినప్పుడు ఈ మాట డాక్టరుకు చెప్పండి, చెయ్యి వేసి చూడమనండి.

మూడు నెలలు నిజాయితీగా చేశాక కూడా నొప్పి రోజును పాడు చేస్తుంటే, ఆపరేషన్ ఇష్టం లేకపోతే, అప్పుడు జెల్ ఒకసారి ప్రయత్నించడంలో తప్పు లేదు. ఎక్కువ ఆశ పెట్టుకోకుండా వేయించండి. మూడో గ్రేడు కాబట్టి కొంత అవకాశం ఉంది, ఎముకకు ఎముక తగిలే నాలుగో గ్రేడుకైతే నేను వద్దనే అంటాను. ఒకే ఇంజెక్షనా, వారానికొకటి చొప్పున మూడు నుంచి అయిదా, మొత్తం ఖర్చెంత అన్నది ముందే అడగండి. కీలులో నీరు చేరి ఉంటే ముందు అది తీశాకే వేయాలి. శుభ్రమైన గదిలో ఎముకల డాక్టరే వేయాలి, మెడికల్ క్యాంపుల్లోనూ, ఇంటికి వచ్చి వేసేవారి చేతా వద్దు. రెండు మూడు రోజులు కొంచెం నొప్పి, వాపు మామూలే. కానీ మోకాలు ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం వస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్ ఉన్నవారిలో కీలులో చీము పడితే గంటలు లెక్క.

ఆపరేషన్ గురించి, అంటే మోకాలి కీలు మార్పిడి గురించి రెండు మాటలే. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, నాలుగడుగులకే ఆగిపోవడం, కాలు వంకర తిరగడం మొదలైతే అప్పుడు మాట్లాడదాం. మార్చిన మోకాళ్లలో నూటికి ఎనభై దాకా పాతికేళ్లు నిలుస్తున్నాయని 2019లో లెక్క తేల్చారు. మన దేశంలో 2017లో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (లోపల అమర్చే కృత్రిమ కీళ్ల) ధరకు పరిమితి పెట్టాక ఖర్చూ తగ్గింది. రెండో అభిప్రాయం కావాలంటే మీకు మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) దగ్గరే. ఒకటి గుర్తుంచుకోండి: ఆపరేషన్ అనుకుంటే దానికి ముందు మూడు నెలల్లో ఆ కీలులో ఏ ఇంజెక్షనూ వేయించకూడదు, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది.

ఇక దుర్గమ్మ దర్శనం. దసరా రద్దీలో గంటల తరబడి నిలబడటం మోకాళ్లకు మెట్ల కంటే కష్టం. నవరాత్రులకు ముందో, తర్వాతో మామూలు రోజున, పొద్దున్నే వెళ్లండి. ఆమె కోరిక తన కాళ్ల మీద వెళ్లాలని కదా, ఎక్కేటప్పుడు వీలైనన్ని మెట్లు మెల్లగా ఎక్కనివ్వండి, దిగేటప్పుడు మాత్రం మహామండపం లిఫ్టు పట్టండి. అరిగిన మోకాలికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ శ్రమ. మీ ఇంటి మెట్ల మీద కూడా ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కుడి కాలు ముందు, చెయ్యి రెయిలింగ్ మీద.

ఈరోజే ఒక పని చేయండి. గోడకు ఆనించిన కుర్చీలో అమ్మగారిని కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమని, ఫోన్‌లో 30 సెకన్లు పెట్టి, పక్కనే నిలబడి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఆ అంకె క్యాలెండర్ మీద రాయండి. పన్నెండు వారాల తర్వాత మళ్లీ లెక్కపెట్టి, రెండు అంకెలూ నాకు రాయండి, జెల్ సంగతి అప్పుడు తేల్చుకుందాం.